స్టాటిక్ ఐపీ అమ్మేవారు పీటీఆర్ రికార్డు కూడా ఇవ్వాలి

సంపాదకుడు గారికి,

సొంత మెయిల్ సర్వర్ నడుపుకునే చిన్న సంస్థల ఉత్తరాలు జీమెయిల్ గుమ్మం నుంచే వెనక్కి రావడానికి ఒక కారణం మన ఇంటర్నెట్ కంపెనీల ఉదాసీనత. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం, మెయిల్ పంపే ప్రతి ఐపీ అడ్రసుకూ (ఇంటర్నెట్‌లో కంప్యూటర్‌ను గుర్తించే అంకెలు) పీటీఆర్ రికార్డు, అంటే ఆ అంకెలు ఏ పేరుకు చెందినవో చెప్పే నమోదు, ఉండాలి. అందులోని పేరును వెతికితే మళ్లీ అదే అడ్రసు రావాలి. రోజుకు 5,000 మెయిళ్లు పంపేవారికే కాదు, పది పంపేవారికీ ఈ షరతు వర్తిస్తుంది. స్పామ్ బెడద తెలిసినవాడిగా దీన్ని నేను తప్పుపట్టను.

అయితే మెయిల్ నకిలీది కాదని చూపడానికి వాడే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులను డొమైన్ యజమాని తానే రాసుకోగలడు గానీ, పీటీఆర్ అతని చేతిలో ఉండదు. పీటీఆర్‌లు ఉండేది ఐపీ అంకెలను తిరగేసి రాసే రివర్స్ జోన్ అనే పట్టికలో; దానిపై అధికారం, అడ్రసుల బ్లాకు ఎవరి పేరున ఉంటే వారిది, అంటే సాధారణంగా ఇంటర్నెట్ కంపెనీది. మా సహకార సంఘం అదనపు అద్దె కట్టి తీసుకున్న స్టాటిక్ (మారని) ఐపీకి పీటీఆర్ లేకపోలేదు. అంకెల మధ్య గీతలు పెట్టి కంపెనీ తయారుచేసిన ఆ పేరును వెతికితే మాత్రం ఏ అడ్రసూ రాదు. దాంతో సర్వసభ్య సమావేశం నోటీసులు పీటీఆర్ సరిగా లేదని చెప్పే 550 5.7.25 అనే కోడుతో తిరిగొచ్చాయి. పేరు మార్చమని ఫిర్యాదు చేస్తే కస్టమర్ కేర్ వారు ముందు రౌటర్ ఆపి ఆన్ చేయమన్నారు, ఆపై లింకు బాగానే ఉందంటూ టికెట్ మూసేశారు.

ఇది సాంకేతికంగా కష్టమైన పనేమీ కాదు. క్లౌడ్ సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీలు చాలావరకు ఈ రికార్డును కస్టమరే మార్చుకునే వీలు కల్పిస్తున్నాయి. 256 కంటే తక్కువ అడ్రసులున్నవారికి కూడా రివర్స్ జోన్‌ను అప్పగించే పద్ధతి 1998లోనే ఆర్‌ఎఫ్‌సీ 2317 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. దుర్వినియోగం అవుతుందని భయపడితే, కస్టమర్ కోరిన పేరు అదే ఐపీని చూపుతోందో లేదో సరిచూశాకే రాయవచ్చు.

కనుక వ్యాపార కనెక్షన్‌తో స్టాటిక్ ఐపీ అమ్మే ప్రతి సంస్థా కోరిన పీటీఆర్‌ను నిర్ణీత గడువులో నమోదు చేసేలా ట్రాయ్, టెలికాం శాఖ ఆదేశించాలి. అంతవరకు, ఆ సౌకర్యం ఇవ్వనివారు ఆ సంగతిని ధరల పట్టికలోనే స్పష్టంగా ముద్రించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు