పార్టీలో ఉంటూనే మాట్లాడే హక్కు కావాలి: పార్లమెంటరీ వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారం.

కొన్నేళ్ళ కిందట మా ఊరి చెరువు తూము గురించి పది మందిమి కలిసి మా ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళాం. ఆయనది అధికార పార్టీ. మేం చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. "మీరనేది న్యాయమే. కానీ నేను సభలో లేచి అడిగితే పైవాళ్ళు ఇంకోలా అనుకుంటారు" అన్నారు. కోపం రాలేదు, బాధేసింది. మంత్రి పదవి లేని సభ్యుడు సొంత పార్టీలోనే గొంతెత్తలేకపోతే, మా ఊరి మాట ఎక్కడికి చేరుతుంది?

బ్రిటన్‌లో కన్సర్వేటివ్ పార్టీకి '1922 కమిటీ' అని ఒకటి ఉంది. 1922 ఎన్నికల్లో కొత్తగా గెలిచిన ఎంపీలు మరుసటి ఏడాది దాన్ని పెట్టుకున్నారు. సభ జరిగే రోజుల్లో వారం వారం కూర్చుని, నాయకత్వం చేస్తున్న పని మీద ఉన్నదున్నట్టు మాట్లాడుకుంటారు. నాయకుడి మీద నమ్మకం పోయిన ఎంపీ ఆ కమిటీ అధ్యక్షుడికి ఉత్తరం రాస్తాడు. నిర్ణీత సంఖ్యలో ఉత్తరాలు చేరాయంటే రహస్య ఓటింగ్ పెట్టాల్సిందే, అక్కడున్నది ప్రధానమంత్రి అయినా సరే. 2018 డిసెంబరులో థెరిసా మేకు వ్యతిరేకంగా 117 మంది, 2022 జూన్‌లో బోరిస్ జాన్సన్‌కు వ్యతిరేకంగా 148 మంది ఓటేశారు. ఇద్దరూ ఆ ఓటింగులో గెలిచారు. అయినా ఏడాది తిరక్కుండా ఇద్దరూ దిగిపోయారు. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికొచ్చే బ్రెగ్జిట్ గొడవలో 2019 సెప్టెంబరులో 21 మంది ఎంపీలను అదే పార్టీ బయటికి పంపింది. వాళ్ళ సీట్లు మాత్రం పోలేదు. నన్ను బాగా ఆలోచింపజేసింది ఈ చివరి సంగతే. అక్కడ పార్టీకి కోపం వస్తే ఎంపీకి పోయేది పార్టీ గొడుగే, ఓటరు ఇచ్చిన సీటు కాదు.

ఇదంతా మనకు తెలియని సంప్రదాయమేమీ కాదు. 1957 డిసెంబరులో ఎల్ఐసీ డబ్బు వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల్లోకి ఎలా వెళ్ళిందని లోక్‌సభలో నిలదీసింది ఫిరోజ్ గాంధీ. ఆయన కాంగ్రెస్ ఎంపీ, అప్పటి ప్రధాని నెహ్రూకు అల్లుడు. విచారణ జరిగింది, ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మా తెలంగాణలోనే 2000 ఆగస్టులో 41 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ప్రత్యేక రాష్ట్రం కావాలని సంతకాలు చేసి సోనియా గాంధీకి వినతిపత్రం ఇచ్చారు. పార్టీ మారలేదు, పార్టీలో ఉంటూనే తమ ప్రాంతం మాట చెప్పారు.

ఇప్పుడు ఆ ధైర్యం ఎంతమందికి ఉంటుంది? పార్టీ ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూల్ ప్రకారం, పార్టీ ఇచ్చిన ఓటింగ్ ఆదేశాన్ని (విప్) కాదని ఓటేసినా, అసలు ఓటే వేయకపోయినా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సీటు పోయే ప్రమాదం ఉంది. అదే మూడింట రెండొంతుల మంది కలిసి ఇంకో పార్టీలో విలీనమైతే ఏ ఇబ్బందీ లేదు. 2019 జూన్‌లో మా శాసనసభలో 18 మంది కాంగ్రెస్ సభ్యుల్లో 12 మంది టీఆర్ఎస్‌లో కలిసింది ఆ దారిలోనే. గుంపుగా పార్టీ మారితే ఫర్వాలేదు, ఒక్కడు పార్టీలోనే ఉండి కాదంటే తప్పు! నాకు ఇది ఎంత ఆలోచించినా మింగుడుపడదు. 2020 జులైలో రాజస్థాన్‌లో కాంగ్రెస్ నాయకుడు సచిన్ పైలట్‌తో పాటు 18 మంది ఎమ్మెల్యేలకు స్పీకర్ అనర్హత నోటీసులు ఇచ్చారు. శాసనసభాపక్ష సమావేశాలకు రాలేదన్నది వాళ్ళ మీద ప్రధాన ఆరోపణ. పార్టీలో అసమ్మతికీ పార్టీ వదిలేయడానికీ మధ్య గీత అంత సన్నగా ఉంటే, నలుగురు ఎమ్మెల్యేలు ఒకచోట కూర్చుని టీ తాగాలన్నా టెన్షనే.

పూటకో పార్టీ మారే ఆయారాం గయారాం రోజులు మళ్ళీ వస్తాయని మీరు అనవచ్చు. ఆ భయం నాకూ ఉంది. డబ్బుకో పదవికో పార్టీ మారినవాళ్ళ మీద వేటు పడాల్సిందే. ఒక బిల్లు తన నియోజకవర్గానికి నష్టమని చెప్పిన సభ్యుణ్ణి మాత్రం ఆ గాటన కట్టకండి. ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే ఈ తేడా చూపింది. విప్ ధిక్కారం మీద అనర్హత విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకే పరిమితం కావాలంది. కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ ఈ దిశగా ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు, పెట్టారు. కానీ 1970 తర్వాత ప్రైవేటు సభ్యుల బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు. అందుకే ప్రభుత్వమే సవరణ తేవాలని అడుగుతున్నాను. పార్టీ సభ్యులు తమలో తాము కూడి నాయకత్వాన్ని ప్రశ్నించడం సభ్యత్వం వదులుకోవడం కిందికి రాదని కూడా అందులో స్పష్టంగా రాయించండి.

పార్లమెంటు సమావేశాల ముందు మీరు అఖిలపక్షాన్ని పిలుస్తారు కదా. ఈసారి ఎజెండాలో ఈ విషయం చేర్చండి. ఆ బల్ల చుట్టూ కూర్చునేది పార్టీల నాయకులే కాబట్టి, వెనక బెంచీల్లో ఉండేవాళ్ళను కూడా ప్రతి పార్టీ నుంచి ఒకరిద్దరిని పిలిపించి వాళ్ళ మాట వినండి.

ఇట్లు,
తెలంగాణ నుంచి ఒక ఓటరు