పాచిక అందరి ముందే పడాలి

సంపాదకులకు నమస్కారం.

టేబుల్‌టాప్ ఫాంటసీ ఆటల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం సంతోషంగా చదివాను. కొత్తగా క్యాంపెయిన్ నడపబోయేవాళ్లకు పనికొచ్చే మాటలు అందులో చాలా ఉన్నాయి. ఒక్క సలహా మాత్రం నాకు మింగుడుపడలేదు. కథ పాడయ్యేలా ఉంటే, గేమ్ మాస్టర్ బల్ల మీద అడ్డుగా పెట్టుకునే స్క్రీన్ వెనక పాచికకు పడిన అంకెను మార్చి చెప్పొచ్చన్నారు. నేను పదకొండేళ్లుగా క్యాంపెయిన్లు నడుపుతున్నాను. మొదటి నాలుగేళ్లు నేనూ అదే చేశాను. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. గేమ్ మాస్టర్ ఒక లోకాన్ని, అందులోని మనుషుల్ని, ప్రమాదాల్ని సిద్ధం చేసుకుని వస్తారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. అది జరుగుతుందో లేదో తేలనిచోట పాచిక వేస్తారు. అవే పాత్రలతో నెలలు, ఏళ్లు సాగే ఆటే క్యాంపెయిన్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయిన నాటి నుంచి నియమాలు ఎన్నోసార్లు మారాయి గానీ, ఈ పద్ధతి మారలేదు.

నా నాలుగో ఏడు క్యాంపెయిన్‌లో ఒక అమ్మాయి దొంగ పాత్ర ఆడేది. ఆ పాత్రను రెండేళ్లు పెంచుకుంది. పాత్ర పుట్టిన రేవు, ఎగ్గొట్టిన అప్పు, మెడలో తాడుకు కట్టుకున్న తాళంచెవి, అన్నీ తనే అల్లుకుంది. ఒక రాత్రి వరదలో మునిగిన గుడిలో కాపలా రాక్షసుడు ఆ పాత్ర మీద పడ్డాడు. స్క్రీన్ వెనక నేను ఇరవై ముఖాల పాచిక వేస్తే 20 పడింది. ఆ దెబ్బకు పాత్ర బతకదు. నాకు చేతులు ఆడలేదు. 'తొమ్మిది, తగల్లేదు' అన్నాను. బల్ల చుట్టూ అందరూ కేకలు వేశారు. ఆమె నది ఈది బయటపడింది. నేనెంతో మంచి పని చేశాననుకున్నాను.

మూడు వారాల తర్వాత అందరూ వెళ్లిపోయాక ఆమె ఆగి అడిగింది. "అక్కా, ఆ రోజు నిజంగా తొమ్మిదే పడిందా?" అబద్ధం చెప్పలేకపోయాను. కాసేపు ఊరుకుని, "అయితే ఆ నది దాటింది నేను కాదన్నమాట" అంది. తర్వాతి సెషన్లకు వచ్చింది గానీ, ఏ పోరులోనూ ఆమె ముఖంలో టెన్షన్ కనిపించలేదు. గెలుపు నేనిచ్చేదే అని తెలిసిపోయాక భయపడేదేముంది? నేను ఆమె పాత్రను కాపాడాననుకున్నాను. ఆ పాత్ర రెండేళ్లలో సాధించినవన్నీ ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

పాచికను పక్కనపెట్టే హక్కు గేమ్ మాస్టర్‌కు ఉందని గైగాక్స్ కూడా 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో రాశారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ హక్కు ఉండడం వేరు, దాన్ని ఎవరికీ తెలియకుండా వాడడం వేరు. మనకు శకుని పాచికల కథ తెలుసు. ఆయన కూడా తనవాళ్ల కోసమే వేశాడు.

ఆ తర్వాత నేను స్క్రీన్ తీసేశాను. అప్పుడు అర్థమైంది, అబద్ధం పాచిక దగ్గర మొదలవదు, నేను నోట్‌బుక్‌లో రాసుకునే దగ్గరే మొదలవుతుందని. ఉదాహరణకు, గోడ వెనక దాచిన ఉత్తరం దొరికితేనే కథ ముందుకు సాగుతుందని రాసుకున్నాననుకోండి. ఇరవై ముఖాల పాచికలో 10 లేదా ఆపైన పడాలంటే అవకాశం 55 శాతం. అంటే వందలో 45 సార్లు కథ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు అంకె మార్చక చేసేదేముంటుంది? అదే విషయం తెలియడానికి మూడు వేర్వేరు దారులు పెడితే, మూడూ తప్పే అవకాశం వందలో తొమ్మిదే. ఆ తొమ్మిదిలో ఏం జరుగుతుందో కూడా ముందే ఆలోచించుకుంటాను. ఉత్తరం వీళ్లకు దొరక్కపోతే శత్రువుకు దొరుకుతుంది. కథ ఆగదు, ఇంకో వైపు తిరుగుతుంది.

శత్రువులందరూ చంపడానికే రానక్కర్లేదు. కొందరికి బందీలు కావాలి, కొందరికి దారి వదిలితే చాలు. ఓడిపోవడానికి చావు కాక ఇంకో నాలుగు రకాలు ఉండాలి. పాచిక వేసేముందు ఎంత పడాలో, తప్పితే ఏమవుతుందో పైకే చెబుతాను. ఏమీ కానిచోట పాచిక అడగను. కొత్తవాళ్లతో, చిన్నపిల్లలతో ఆడేటప్పుడు ఎవరి పాత్రా చనిపోదని మొదటి రోజే మాట్లాడుకుంటాం. అది మోసం కాదు. అందరూ కూర్చుని ఒప్పుకున్న నియమం.

ఆపైన రెండేళ్లకు మా విలుకాడు నేలకూలాడు. మేమాడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో ఎడిషన్. అందులో పడిపోయిన పాత్ర ప్రతి వంతుకూ ఒక పాచిక వేయాలి. 10కి తగ్గితే తప్పినట్టు. మూడు సార్లు నెగ్గితే ప్రాణం నిలుస్తుంది, మూడు సార్లు తప్పితే పోతుంది. అతను బల్ల మధ్యలో వేశాడు. 7. తర్వాత 14. వైద్యం తెలిసిన పాత్ర రెండు గదుల అవతల ఉంది, పరిగెత్తుకొస్తోంది. 4. ఎవరూ ఊపిరి తీయలేదు. 9.

నిజంగా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. తర్వాత ఆరు సెషన్లు ఆ శవాన్ని అతని ఊరికి మోసుకెళ్లడానికే సరిపోయాయి. నేను రాసుకున్న యుద్ధం పక్కకు పోయింది. ఆ ఊళ్లో విలుకాడి చెల్లెలు వాళ్లను తలుపు దగ్గరే ఆపి అడిగిన ప్రశ్నలు పదకొండేళ్లలో నా బల్ల దగ్గర జరిగిన అన్నిటికన్నా గొప్పవి. అవి నేను ముందుగా రాసుకున్నవి కావు. ఆ చెల్లెలి పాత్ర తీసుకుని మాట్లాడింది విలుకాడి పాత్ర ఆడినతనే.

అలనాటి దొంగ పాత్ర అమ్మాయి ఇప్పుడు సొంతంగా క్యాంపెయిన్ నడుపుతోంది. అందులో నేనొక ముసలి వైద్యురాలిని. ఆమె బల్ల మీద స్క్రీన్ లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు