కవర్ మళ్లీ ఇస్తారా అని అడుగుతున్న పార్సిల్ కస్టమర్లకు

చెన్నైలో మా ఆంధ్రా మెస్‌కు పార్సిల్ కోసం వచ్చేవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: "ప్లాస్టిక్ నిషేధం ఎత్తేయాలంటున్నారుగా, ఎత్తేస్తే సాంబారు మళ్లీ కవర్లో కట్టిస్తారా?" ఎత్తేసినా కట్టివ్వమండీ. ఎందుకో చెబుతాం.

తమిళనాడు 2019 జనవరి 1 నుంచి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్‌ను ఆపేసింది. చేతిసంచి ఎంత మందంగా ఉన్నా ఇక్కడ కుదరదు. కేంద్రం నిబంధన వేరు. ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాల వంటివి 2022 జులై 1 నుంచి నిషేధించినా, సంచిని మాత్రం మందం 120 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), ఆపైన ఉంటే అనుమతిస్తోంది. ఢిల్లీ ఒప్పుకున్నది ఇక్కడెందుకు తప్పు అని తయారీదారులు అడిగేది ఇందుకే. లోపల ప్లాస్టిక్ పూత ఉండే పేపర్ కప్పులు, నాన్-వోవెన్ సంచుల (గుడ్డలా కనిపించే ప్లాస్టిక్ సంచుల) తయారీదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2023 అక్టోబర్‌లో కోర్టు కప్పుల నిషేధాన్ని సమర్థించింది. సంచుల సంగతి మళ్లీ చూడమని కాలుష్య నియంత్రణ మండలికి చెప్పింది.

నాన్-వోవెన్ సంచుల వాళ్ల మాటలో న్యాయం ఉంది. 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 60 గ్రాములు) దాటిన సంచి నెలల తరబడి కూరగాయలు మోస్తుంది. పేపర్ కప్పు అలా కాదు. లోపలి పాలిథిన్ పూత కాగితం నుంచి సులభంగా ఊడిరాదు, అందుకే పాత సామాన్ల వాళ్లు కూడా కొనరు.

ఇక 120 మైక్రాన్ల సంచి లెక్క చూడండి. 33 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు ఉన్న సంచి సుమారు 30 గ్రాములు తూగుతుంది, అంటే కిలోకు 33 సంచులే. అదే కొలతలో పాత 40 మైక్రాన్ల సంచులైతే కిలోకు 100 వచ్చేవి. చట్టం ఒప్పుకున్నా ఒక్కో పార్సిల్‌కు మూడింతల ప్లాస్టిక్ ఖర్చవుతుంది, ఆ డబ్బు మీ బిల్లులోకే వస్తుంది. పైగా కూర పోసి రబ్బరు బ్యాండ్ వేసే కవర్ అంత మందంగా ఉంటే ముడి పడదు. కాబట్టి నిషేధం పోయిన రోజున వెనక్కొచ్చేది పల్చటి కవరే.

పొయ్యి మీద నుంచి దించిన సాంబారు 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. పల్చటి పాలిథిన్ ఆ వేడికే మెత్తబడుతుంది, అతుకు దగ్గర సాగుతుంది. గోంగూర, పులుసు లాంటి పులుపు, నూనె ఉన్నవి ఇంకా ఇబ్బంది. కుళ్లి ఎరువయ్యే కంపోస్టబుల్ సంచి కూడా వేడి రసానికి పనికిరాదు. అందులో పీఎల్ఏ (మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే ప్లాస్టిక్) ఉంటే 60 డిగ్రీలకే మెత్తబడుతుంది.

అందుకే మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఇస్తున్నాం, డిపాజిట్ 400 రూపాయలు. తిరిగి తెస్తే మొత్తం ఇచ్చేస్తాం. సొట్ట పడినా తీసుకుంటాం, మూత పోతే మాత్రం 60 తగ్గిస్తాం. మీ గిన్నె మీరే తెస్తే పార్సిల్‌పై 5 రూపాయలు తక్కువ. తెచ్చేముందు తడి లేకుండా తుడవండి, లోపల నీళ్లుంటే పప్పు త్వరగా పాడవుతుంది.

పులుసు, సాంబారు అడుగు గిన్నెలో పోస్తాం. బరువు కింద ఉంటే క్యారియర్ ఊగదు, కారినా మిగతావాటిలో పడదు. పైన వేలెడంత ఖాళీ వదిలి, రెండు నిమిషాలు ఆవిరి పోయాక మూత పెడతాం. వెంటనే బిగిస్తే చల్లారాక మూత పట్టేసి రాదు. అలా పట్టేస్తే గిన్నె అడుగు వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచండి, లాగొద్దు. మూతలోని రబ్బరు రింగు తీసి విడిగా కడిగి ఆరబెట్టకపోతే ఆవకాయ వాసన పట్టి, తర్వాత పెరుగుకూ అంటుకుంటుంది.

పులిహోర, పచ్చళ్లు అల్యూమినియం ఫాయిల్‌లో అడగొద్దు. చింతపండు, ఉప్పు కలిస్తే ఫాయిల్‌కు సన్నటి చిల్లులు పడతాయి. పులిహోరకు అరటాకు వాడుతున్నాం. పచ్చి ఆకు మడిస్తే ఈనె దగ్గర చిరుగుతుంది కాబట్టి సెగ మీద ఒకసారి కాచి కడతాం. పైన కాగితం చుడతాం. అలా కట్టింది మూడు నాలుగు గంటల్లో తినేయండి.

మాకింకా తెగనిది చల్లటి మజ్జిగ. సీసా బయట చెమటలా పట్టే నీటికి కాగితపు సంచి అడుగు తడిసి ఊడిపోతోంది. ప్రస్తుతానికి మజ్జిగ సీసాను సంచిలో పెట్టకుండా చేతికే ఇస్తున్నాం. కాగితపు సంచిలో కిలో దాటి పెట్టం. ఎక్కువ ఉంటే గుడ్డ సంచి తెచ్చుకోండి, లేదా మా దగ్గర 20 రూపాయలకు తీసుకోండి.

ఇరవై మందికి మించిన ఆర్డర్లకు పెద్ద స్టీలు డబ్బాలు పంపుతాం. రెండు రోజుల ముందు చెప్పాలి, డబ్బాలు మర్నాడు సాయంత్రంలోగా తిరిగి రావాలి.