తొలగించిన ప్రతి డీప్‌ఫేక్‌కూ రశీదు ఇప్పించండి

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మేము తెలుగు రాష్ట్రాల్లో సైబర్ కేసులు వాదించే న్యాయవాదులం, డిజిటల్ ఆధారాలను పరీక్షించే నిపుణులం.

2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ నిబంధనల సవరణను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. డీప్‌ఫేక్‌లకు, అంటే కృత్రిమంగా తయారుచేసిన వీడియోకు, ఆడియోకు నిర్వచనం వచ్చింది. లేబుల్ తప్పనిసరైంది. నగ్న చిత్రాల మీద, మార్ఫింగ్ చేసిన చిత్రాల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే తొలగించడానికి ఇదివరకు 24 గంటలు ఉండేవి, ఇప్పుడు 2 గంటలే. ఆ రెండు గంటలు ఒక కుటుంబాన్ని నిలబెట్టగలవు. కానీ వీడియో తీసేసిన తర్వాత బాధితురాలి చేతిలో ఏం మిగలాలో సవరణ చెప్పలేదు. కేసులు నీరుగారేది సరిగ్గా అక్కడే.

జరిగే తీరు ఇదీ. ఒక డిగ్రీ విద్యార్థిని ఇన్‌స్టాగ్రామ్ ఫొటో తీసుకుని ఎవడో నగ్న వీడియో చేసి పెడతాడు. ఆమె రిపోర్ట్ కొడుతుంది, పోస్టు మాయమవుతుంది. మర్నాడు స్టేషన్‌కు వెళ్తే "వీడియో ఏదమ్మా?" అని అడుగుతారు. లింకు నొక్కితే ఏమీ తెరుచుకోదు. ఉన్నది ఒక స్క్రీన్‌షాట్. అందులో పూర్తి లింకు ఉండదు, అప్‌లోడ్ చేసిన సమయం ఉండదు, ఖాతా సంఖ్య అసలే ఉండదు. పైకి కనిపించే ఖాతా పేరును నిమిషంలో మార్చుకోవచ్చు. మారనిది ఆ సామాజిక మాధ్యమ సంస్థ సర్వర్‌లో ఉండే అంకెల ఐడీ ఒక్కటే, అది స్క్రీన్‌షాట్‌లోకి రాదు.

స్నేహితురాలు వాట్సాప్‌లో పంపిన కాపీ ఉందనుకుందాం. వాట్సాప్ వీడియోను మళ్లీ కుదించి పంపుతుంది. ఫైలు పరిమాణం మారుతుంది, మెటాడేటా (ఫైలు ఎప్పుడు, దేనితో తయారైందో చెప్పే వివరాలు) పోతుంది, హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) పూర్తిగా వేరేది అవుతుంది. ఇక కోర్టులో నిందితుడి లాయరు వేసే మొదటి ప్రశ్న ఊహించడం కష్టం కాదు: "ఈ ఫైలూ, నా క్లయింటు పెట్టాడంటున్న పోస్టూ ఒకటేనని రుజువేది?" 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. దాని ఎ భాగాన్ని రికార్డు సమర్పించేవారు నింపాలి, బి భాగాన్ని నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హాష్ విలువ రాయాలి. అసలు ఫైలే లేనప్పుడు ఏ హాష్ రాస్తారు?

ప్రస్తుతానికి మేమిచ్చే సలహా ఒక్కటే. రిపోర్ట్ బటన్ నొక్కే ముందు ఖాతా పేజీ నుంచి పోస్టు దాకా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. పోస్టు లింకును, ఖాతా లింకును కాపీ చేసి తేదీ, సమయంతో రాసుకోండి. ఫైలు దొరికితే దాన్ని చాట్‌లో వీడియోగా పంపకుండా నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఎస్‌హెచ్‌ఏ-256 అనే ప్రామాణిక పద్ధతిలో హాష్ తీయించండి. కానీ తన నగ్న రూపాన్ని చూసి వణికిపోతున్న మనిషిని ఇవన్నీ వరుసగా చేయమనడం ఎంత క్రూరమో మాకు తెలుసు. ఇక బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే ఈ సలహా కూడా పనికిరాదు. అలాంటి ఫైలును డౌన్‌లోడ్ చేయడమే ఐటీ చట్టం 67బి కింద నేరం. ఆ తల్లిదండ్రులు ఆధారం దాచుకోవాలన్నా భయపడాల్సిందే.

రెండో చిక్కు గడువు. తొలగించిన సమాచారాన్ని, దాని రికార్డులను సంస్థలు 180 రోజులు భద్రపరచాలని 2021 ఐటీ నిబంధనలే చెబుతున్నాయి. కోర్టుగానీ దర్యాప్తు సంస్థగానీ కోరితే అంతకు మించి ఉంచాలి. కోరేదెవరు? ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఈ నేరాలను ఇన్‌స్పెక్టర్, ఆ పైస్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. మన మండలాల్లో చాలా స్టేషన్లకు ఎస్‌ఐయే పెద్ద. జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఏ స్టేషన్ పరిధిలోదైనా నమోదు చేసే కేసు) కట్టి, ఫైలు సీఐకి వెళ్లి, అక్కడి నుంచి సైబర్ స్టేషన్‌కు చేరి, సంస్థకు లేఖ వెళ్లేలోగా నెలలు దొర్లితే అడిగే నాటికి లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ రాసుకునే రికార్డులు) ఉండకపోవచ్చు. ఆ 180 రోజుల లెక్క ఎప్పుడు మొదలైందో ఫిర్యాదుదారుకు చెప్పే నాథుడే లేడు.

అందుకే మా విన్నపం. ఫిర్యాదు మీద తొలగించిన ప్రతిసారీ సంస్థ ఒక రశీదు ఇవ్వాలని నిబంధనల్లో చేర్చండి. పోస్టు పూర్తి లింకు, ఖాతా అంకెల ఐడీ, అప్‌లోడ్ చేసిన, తొలగించిన సమయాలు, అసలు ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 హాష్, భద్రపరిచే గడువు ముగిసే తేదీ, వీటితో పాటు డిజిటల్ సంతకం చేసిన 63వ సెక్షన్ ధ్రువపత్రం ఎ భాగం అందులో ఉండాలి. ఆ నకిలీ బొమ్మ మాత్రం రశీదులో ఉండకూడదు. ఖాతాదారు ఫోన్ నంబరు, ఐపీ చిరునామా కూడా ఫిర్యాదుదారుకు ఇవ్వనక్కర్లేదు, అవి దర్యాప్తు అధికారి అడిగినప్పుడే బయటకు రావాలి. ఇందుకు కొత్త సాంకేతికత ఏదీ అవసరం లేదు. ఒకసారి తీసేసిన బొమ్మ మళ్లీ ఎక్కకుండా పట్టుకోవడానికి పెద్ద వేదికలు ఇప్పటికే హాష్‌లు వాడుతున్నాయి. రశీదు నకలు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కు దానంతటదే చేరాలి. అక్కడ ఫిర్యాదు నంబరు పడిన క్షణం నుంచి కేసు ముగిసేదాకా 180 రోజుల గడువు ఆగిపోవాలి.

సెక్షన్ల సంగతి కూడా మనవి చేయాలి. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ ఒకరి రహస్యాంగాల చిత్రం తీయడం, ప్రచురించడం గురించి చెబుతుంది. డీప్‌ఫేక్‌లో ముఖం ఈమెది, శరీరం వేరొకరిది, లేదా ఎవరిదీ కాదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా నిజంగా జరిగిన ఏకాంత చర్యను చూడటం, చిత్రీకరించడం గురించే. ఇక్కడ చిత్రీకరణే జరగలేదని డిఫెన్స్ వాదిస్తుంది. చివరికి నిలిచేది ఐటీ చట్టం 67ఎ. అది అశ్లీలతకు సంబంధించిన సెక్షన్. ఆమె అనుమతి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. ఒక మనిషి ముఖాన్ని, గొంతును అనుమతి లేకుండా కృత్రిమంగా సృష్టించడమే నేరమని చెప్పే సెక్షన్ మన చట్టంలో ఇప్పటికీ లేదు.

2023 నవంబరులో రష్మిక మందన్న ముఖంతో వచ్చిన వీడియో కేసులో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాలో ఒకరిని 2024 జనవరిలో అరెస్టు చేశారు. దేశమంతా మాట్లాడుకున్న కేసు కాబట్టి అంత శ్రమ పెట్టారు. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరును, రూపాన్ని అనుమతి లేకుండా వాడకూడదని మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఆ ఉత్తర్వులు మంచివే. కానీ వాటికి ఆధారం ఆ నటుల పేరుకు ఉన్న ప్రతిష్ఠ, దాని వ్యాపార విలువ. మండల కేంద్రంలో చదువుకునే అమ్మాయికి అలాంటి విలువ చూపించమంటే ఏం చూపిస్తుంది?

చనిపోయినవారి గొంతు మరో ఖాళీ. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును ఏఐతో పుట్టించి ఒక తెలుగు సినిమాలో వాడారంటూ ఆయన కుటుంబం 2024లో నోటీసు పంపింది. వ్యక్తిత్వ హక్కు (తన పేరు, రూపం, గొంతు వాడకం మీద మనిషికి ఉండే హక్కు), గోప్యత హక్కు మనిషితోనే పోతాయన్న ధోరణిలో ఢిల్లీ హైకోర్టు 2023లో వేరొక కేసులో అభిప్రాయపడింది. వారసుల అనుమతి ఎంతకాలం అవసరమో పార్లమెంటే చట్టం చేసి తేల్చాలి. బతికున్న డబ్బింగ్ కళాకారుల ఒప్పందాల్లో గొంతు నకలుకు వేరే సంతకం, వేరే పారితోషికం ఉండాలని కూడా అదే చట్టంలో రాయాలి.

చట్టం మార్చడానికి సమయం పడుతుంది. రశీదుకు మాత్రం మీ శాఖ నోటిఫికేషన్ చాలు. ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెడితే అందులో ఉండాల్సిన ఫారం నమూనా, పరీక్ష విధానం మేము తయారుచేసి సమర్పిస్తాం.

ఇట్లు,
సైబర్ కేసుల న్యాయవాదులు, డిజిటల్ ఆధారాల పరీక్షకులు
హైదరాబాద్, విజయవాడ