పోగొట్టింది బ్యాంకు, పోలీసు ఫిర్యాదు ఖాతాదారు పేరున

సంపాదకులకు,

“నా ఇంటి ఒరిజినల్ దస్తావేజు ప్రయాణంలో పోయినది, దొరికినవారు తెలుపగలరు” అన్న ప్రకటనలు మీ పత్రికలో తరచు కనిపిస్తుంటాయి. ఇకపై అలాంటిది చదివినప్పుడు నాకు ఒక అనుమానం తప్పదు. అసలు ఆ ప్రయాణం జరిగిందా? ఎందుకంటే ఈ మధ్య నన్నూ అలాంటి ప్రకటన వేయించమన్నారు. నేను ఎక్కడికీ ప్రయాణం చేయలేదు. ఆ దస్తావేజు రుణం తీసుకున్న రోజు నుంచి బ్యాంకు దగ్గరే ఉంది.

వడ్డీ తక్కువని నా గృహరుణాన్ని ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు మార్చుకున్నాను. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీర్చేస్తే బ్యాంకులు అదనపు రుసుము వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది కాబట్టి ఇలాంటి టేకోవర్లు ఇప్పుడు మామూలే. కొత్త బ్యాంకు పాత బాకీ కట్టేస్తుంది. పాత బ్యాంకు కాగితాల కట్టను నేరుగా కొత్త బ్యాంకుకు అప్పగిస్తుంది. ఇంటి యజమాని కంట ఆ కట్ట పడదు. నా కొనుగోలు దస్తావేజు క్షేమంగా చేరింది కానీ, లింకు దస్తావేజుల్లో (ఇల్లు అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజుల్లో) ఒకదాని ఒరిజినల్ లేదు. మొత్తం ఇచ్చేశామని పాత బ్యాంకు, వచ్చినవి ఇవేనని కొత్త బ్యాంకు. రుణం తీసుకున్ననాడు నాకిచ్చిన రశీదు తీసి చూస్తే “లింకు దస్తావేజులు – 3” అని ఒక్క ముక్క రాసి ఉంది. నంబరు లేదు, సంవత్సరం లేదు, ఒరిజినలా నకలా అన్న మాట లేదు. కట్టలో మూడు ఉన్న మాట నిజమే, అందులో ఒకటి జిరాక్సు. అంకె సరిపోయింది గనుక వారి దృష్టిలో ఏదీ పోలేదు.

గట్టిగా అడిగితే పాత బ్యాంకు అధికారి ఒక నమూనా చేతిలో పెట్టారు. దాని ప్రకారం నేను ఫలానా తేదీన బస్సులో వెళ్తుండగా దస్తావేజు పోగొట్టుకున్నానని పోలీసులకు ఫిర్యాదు చేయాలి, అదే మాట నోటరీ ముందు ప్రమాణపత్రంగా ఇవ్వాలి, పత్రికలో ప్రకటన వేయించాలి, ఆ తర్వాత సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. (ఏ బస్సో కూడా నేనే ఊహించుకోవాలి కాబోలు.) “బ్యాంకులో పోయిందని రాస్తే స్టేషన్‌లో తీసుకోరండీ, అందరూ ఇలాగే రాస్తారు” అని ఆయన చాలా మర్యాదగానే చెప్పారు.

ప్రమాణం చేసి అబద్ధం రాయడం శిక్షార్హమైన నేరం. అది అలా ఉంచినా, నా సంతకంతో “నేనే పోగొట్టుకున్నాను” అన్న కాగితం పుట్టిన మరుక్షణం బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. రేపు నేను పరిహారం అడిగితే వారు చూపించేది ఆ కాగితాన్నే.

పరిహారం మాట నేను కల్పించింది కాదు. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబర్ 13న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, వ్యక్తులు తీసుకున్న రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి, ఆస్తి మీద నమోదు చేయించిన తాకట్టును తొలగించాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు ₹5,000 చెల్లించాలి. పత్రాలు పోతే నకళ్లు తెప్పించుకోవడంలో రుణగ్రహీతకు సాయం చేయాలి, ఆ ఖర్చు కూడా భరించాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. సహకార బ్యాంకులకూ, గృహరుణ సంస్థలకూ వర్తిస్తుంది. మంచి ఉత్తర్వే. అయితే పత్రాలు పోయిన సందర్భంలో ఆ పనికి మరో 30 రోజులు ఇచ్చి, మొత్తం 60 రోజులు దాటాకే పరిహారం లెక్కించమంది. నకలు రావడానికి వ్యవధి పడుతుందన్నది నిజమే. కానీ భద్రంగా దాచినవారికి 30 రోజులు, పోగొట్టినవారికి 60 రోజులా?

పోయిందని ఎవరు రాసివ్వాలో మాత్రం ఉత్తర్వులో లేదు. నమూనా కాగితాలు పుడుతున్నది ఆ సందులోంచే.

ఒరిజినల్ పోతే ఆస్తి పోదు. రిజిస్టరైన దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉంటుంది. అక్కడిచ్చే సర్టిఫైడ్ కాపీ అసలు పత్రంలోని విషయానికి సాక్ష్యంగా చెల్లుతుందని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. ఇబ్బంది వేరే చోట ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం హక్కు పత్రాలను అప్పిచ్చినవారి దగ్గర పెట్టినా అది తనఖాయే అవుతుంది. అందుకే ఒరిజినల్ లేదనగానే అది ఇంకెక్కడైనా తాకట్టులో ఉందేమోనని కొనేవారి న్యాయవాది కొర్రీ వేస్తారు, బేరం తగ్గుతుంది, మరో బ్యాంకు రుణానికి వెనకాడుతుంది. బ్యాంకుల తాకట్టులను నమోదు చేసే సెర్సాయ్ రిజిస్ట్రీ ఉన్నది ఈ అనుమానం తీర్చడానికే. కాబట్టి బాకీ తీరాక అక్కడ తాకట్టు తొలగిందో లేదో ఎవరికి వారు చూసుకోవడం మంచిది. పత్రాల డిపాజిట్‌ను రిజిస్టరు చేయించి ఉంటే దాని విడుదల కూడా రిజిస్టరై ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కనిపించాలి. హక్కు పత్రాలు పోగొట్టడం సేవాలోపమేనంటూ వినియోగదారుల కమిషన్లు బ్యాంకుల చేత పరిహారం ఇప్పించిన తీర్పులు ఇప్పటికే ఉన్నాయి. అంత దూరం నడిచే ఓపిక ఎందరికి ఉంటుంది?

నేను ఆ నమూనా మీద సంతకం చేయలేదు. దస్తావేజు తమ దగ్గర పోయిందని లెటర్‌హెడ్ మీద రాసిమ్మని లిఖితపూర్వకంగా అడిగాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను. దానికి రుసుము లేదు.

రిజర్వు బ్యాంకు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. పత్రం పోతే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన రెండూ రుణమిచ్చిన సంస్థ పేరునే ఉండాలని ఆ ఉత్తర్వుకు ఒక వాక్యం చేర్చాలి. రుణం ఇచ్చేటప్పుడు తీసుకున్న ప్రతి పత్రం నంబరు, సంవత్సరం, పేజీల సంఖ్య, ఒరిజినలా కాదా అన్నది రశీదులో రాయించాలి. టేకోవర్‌లో కట్ట చేతులు మారేటప్పుడు ఆ జాబితా మీద రెండు బ్యాంకులూ సంతకం చేసి, ఒక ప్రతిని అదే రోజు ఇంటి యజమానికి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక గృహరుణ ఖాతాదారు