రమణా, ముందు ఇది చదువు

బ్రాడీపేట, గుంటూరు

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరాలకి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు, ఏమనుకోకు. అమ్మ మోకాలు కాస్త నయం. చెల్లి సంబంధం ఇంకా తేలలేదు. మిగతావి తర్వాత. నీకో సంగతి చెప్పాలిరా, చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

హాస్టల్ మేడ మీద, అన్నిటికంటే ఎక్కువ కాలం బతికేది ఏదని తెల్లారేదాకా వాదించుకున్నాం, గుర్తుందా? తాబేలే అని పంతం పట్టినవాడికి 'తాబేలు' అనే పేరే ఉండిపోయింది, పెళ్లి పందిట్లో కూడా!

తాబేలుని వదిలెయ్. ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రాల్లో బౌహెడ్ అనే తిమింగలం ఉంది. 2007లో అలాస్కాలో వేటాడిన ఒకదాని ఒంట్లో పాత హార్పూన్, అదే తిమింగలాల్ని వేటాడే ఈటె, దాని ముక్క దొరికింది. 1800ల చివర్లో తయారైన రకం! వందేళ్లకి పైగా దాన్ని మోస్తూ ఈదిందన్నమాట. 1999లో ఇంకో మగదాని వయసు 211 ఏళ్లని అంచనా వేశారు, కంటి కటకంలో వయసుతో పాటు రూపం మారే ఆస్పార్టిక్ ఆమ్లాన్ని కొలిచి. బెజవాడలో పాత ఆనకట్ట 1855లో పూర్తయ్యేనాటికే దానికి అరవై దాటి ఉంటాయి.

అదే గొప్పనుకుంటుంటే స్పంజిక ఒకటి ఎదురైంది, అదే స్పాంజ్ అనే సముద్రపు జీవి. దీని పేరు మోనోరాఫిస్ చూనీ. సముద్రం అడుగున బురదలో తనే తయారుచేసుకున్న ఒకే ఒక్క గాజు సూది నాటుకుని, దాని చుట్టూ ఒళ్లు పెంచుకుంటుంది. ఆ సూది చిటికెన వేలంత మందం, పొడవు మాత్రం మూడు మీటర్ల దాకా! తూర్పు చైనా సముద్రంలో వెయ్యి మీటర్ల కంటే లోతున దొరికిన ఒక సూదిని పొర పొరా పరీక్షించి, 2012లో దాని వయసు సుమారు 11,000 ఏళ్లని తేల్చారు. మూడు వేలు అటూ ఇటూ కావచ్చు. మూడు వేలు తీసేసినా, అమరావతి స్తూపం లేచేనాటికి అది వేల ఏళ్లదిరా! పైగా అన్నేళ్లలో సముద్రం ఎప్పుడు వేడెక్కిందో ఆ పొరల్లోనే తెలుస్తోంది.

రెండూ నీళ్లు వడగట్టుకునే బతుకుతాయి. తిమింగలం నోట్లో జల్లెడలా ఉండే బలీన్ పలకలతో, స్పంజిక ఒంటి నిండా ఉన్న రంధ్రాలతో. కానీ స్పంజికకి గుండె లేదు, మెదడు లేదు, కదలిక లేదు. తిమింగలం పాడుతుంది, తలతో మంచుని పగలగొట్టుకుని ఊపిరి తీసుకుంటుంది, పిల్లకి పాలిస్తుంది. అలాంటిదాన్ని నూనె కోసం, ఆ పలకల కోసం వేలల్లో చంపేశారు. చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. నాన్న పోయాక ఇలాంటివి చదివితే తట్టుకోలేకపోతున్నాను, నీకు తెలుసుగా.

నాకైతే ఎక్కువ బతికింది తిమింగలమే అనిపిస్తోంది, లెక్క ఎంతైనా సరే. ఎందుకంటే అది తన పిల్లని... ఆగు, ట్యూషన్ పిల్లలు వచ్చేశారు. నువ్వెటువైపో వెంటనే రాయి.

నీ
సుబ్బు