హాల్లో సోఫా తీసేశాం, మంచాలు మార్చాం, బుక్ చేసే ముందు ఒకసారి చదవండి

అందరికీ నమస్తే అండి. బెజవాడ సూర్యారావుపేటలో మన రెండు బెడ్రూముల ఇల్లు రోజువారీ అద్దెకి తీసుకునేవాళ్లకి, ముఖ్యంగా ఇదివరకు వచ్చి ఉండి మళ్లీ బుక్ చేసినవాళ్లకి ముందే చెప్తున్నా, తలుపు తీయగానే వేరే ఇంటికి వచ్చామేంటి అనుకోకండి. హాల్లో ఎల్ షేప్ సోఫా లేదు, పెద్ద బెడ్రూంలో టేకు డబుల్ కాట్ లేదు, రెండూ అమ్మేశాం. కొత్త ఫొటోలు పెట్టాం గానీ అవి పాతవాటంత అందంగా ఉండవు. హాలు ఖాళీగా, కాస్త కల్యాణమండపంలో విడిది గదిలా కనిపిస్తుంది. కావాలనే అలా చేశాం.

ఎందుకంటే ఇక్కడికి సోఫాలో కూర్చుని టీవీ చూడ్డానికి ఎవరూ రారండి. పెళ్లిళ్లకి వస్తారు, అమ్మవారి దర్శనానికి వస్తారు, లేదా చుట్టుపక్కల హాస్పిటల్స్‌లో పేషెంటు ఉంటే దగ్గర్లో ఉందామని వస్తారు. ఎవరొచ్చినా కావాల్సింది రాత్రికి నడుం వాల్చే చోటు. ఆ సోఫా సగం హాలు తినేసి, దాని మీద ఒక్కడు కాళ్లు ముడుచుకుని పడుకుంటే మిగతావాళ్లు టీపాయ్ పక్కన సందుల్లో సర్దుకునేవాళ్లు.

టేకు మంచం సంగతి వేరే. మంచి చెక్క, మంచి పనితనం, కానీ ప్లగ్గు ఉత్తరం గోడకి ఉండటంతో మంచం తల అటే పెట్టాల్సొచ్చింది. మనవాళ్లు చస్తే ఉత్తరానికి తలపెట్టి పడుకోరు కదా. ఇక రాత్రి పదకొండింటికి నలుగురు మగాళ్లు చేరి దాన్ని తిప్పడం, కింద వాటాలో వాళ్లు ఏంటా చప్పుడని పైకి రావడం, పొద్దున చూస్తే గ్రానైట్ మీద తెల్లటి గీతలు. తిప్పలేనివాళ్లు దిండ్లు కాళ్లవైపుకి వేసుకుని పడుకుంటే ఫోన్ ఛార్జింగేమో అవతలి కొసన. ఇప్పుడు ఆ గదిలో రెండు సింగిల్ మంచాలు వేశాం, తలలు తూర్పుకి, ప్లగ్గులూ ఫ్యాన్ స్విచ్చీ ఆ గోడకే తీయించాం, పడుకుని చెయ్యి చాపితే అందుతాయి. ఒక్కో మంచం 36 అంగుళాల వెడల్పు, 78 పొడవు, రెండూ కలిపితే సరిగ్గా కింగ్ సైజు. భార్యాభర్తలైతే కలిపేస్తాం, అక్కాచెల్లెళ్లో అన్నాతమ్ముళ్లో అయితే విడదీస్తాం. కలిపినప్పుడు మంచాల కాళ్లు బెల్టుతో బిగించి పైన మందపాటి బొంత పరుస్తాం, అయినా మధ్యలో గాడి తెలుస్తుంది, తెలియదని అబద్ధం చెప్పను. చంటిపిల్లని మధ్యలో పడుకోబెట్టుకునేవాళ్లు అలా కలపమనకండి, కింద వేసుకునే గట్టి పరుపు అడగండి.

చిన్న బెడ్రూం హాస్పిటల్ వాళ్ల కోసం మార్చాం. మోకాలి ఆపరేషనో తుంటి ఆపరేషనో అయినవాళ్లకి ఎత్తు తక్కువ మంచం నరకం, కూర్చుంటే మోకాలు తుంటి కంటే పైకి వచ్చేస్తుంది, లేవడానికి ఇద్దరు పట్టాలి. అందుకని ఇక్కడి మంచం పరుపుతో కలిపి 20 అంగుళాల ఎత్తుంది, పొట్టివాళ్లకి పాదాలు నేలకి ఆనకపోతే చెప్పండి, పలచటి పరుపు మారుస్తాం. మంచం నుంచి బాత్రూం దాకా దారిలో బీరువా, స్టూలు, డోర్‌మ్యాట్ ఏమీ లేకుండా తీసేశాం, వాకర్ తిరుగుతుంది. అందులోది వెస్టర్న్ కమోడే. తోడుండేవాళ్లకి పక్కన మడత మంచం ఉంది, అది అంత సుఖంగా ఉండదు, నాలుగు రోజులకి పర్లేదు. ఈ గది పడమర గోడది, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడింటి దాకా సెగ కొడుతుంది, ఏసీ ముందుగానే వేసుకోవాలి.

ఇక హాలు. రెండు దివాన్లు గోడకి ఆనించి వేశాం, పగలు కూర్చోడానికి, రాత్రి పడుకోడానికి. మధ్యలో అంతా ఖాళీ, పరుచుకోడానికి మడత పరుపులు ఉన్నాయి. హాలుకి అడ్డంగా ఒక కర్టెన్ రాడ్ కూడా వేయించాం, ఇది మా ఆవిడ ఐడియా, నాకు అస్సలు తట్టలేదు. పెళ్లివారొస్తే అల్లుడుగారికి ఏసీ బెడ్రూం అని అందరూ ఒక్క మాట మీదుంటారు, ఆ తర్వాత మామగారూ బావగార్లూ పడుకున్న హాల్లో కొత్త కోడలు ఎక్కడ పడుకోవాలో మాత్రం ఎవరూ మాట్లాడరు, ఆ పిల్ల వంటింట్లో చాప వేసుకుంటుంది. ఇప్పుడు కర్టెన్ లాగితే ఆడవాళ్లకి విడిగా సగం హాలు వస్తుంది, లైటు కూడా అటూ ఇటూ వేరే.

భవానీ దీక్షలో ఉన్నవాళ్లు మంచం ఎక్కరు, పరుపు వాడరు. దీక్ష విరమణకి ఇరుముడితో వచ్చే బృందాలకి హాల్లో దివాన్లు కూడా తీసేసి, తడిగుడ్డతో తుడిచి చాపలు వేసి ఇస్తాం. దుప్పట్లు మీవే తెచ్చుకుంటారని తెలుసు, లేకపోతే ఉతికినవి విడిగా కట్టి పెట్టాం.

బూరుగుదూది పరుపులు తీసేసినందుకు కొంతమంది బాధపడ్డారు. మాకూ ఇష్టమే అండి, కానీ వాటిని ఎండలో వేయాలి, ముసురు పట్టి వారం పాటు ఎండ రాకపోతే ముక్కిపోయిన వాసన, పైగా దూది ఉండలు కట్టేస్తుంది. ఇప్పుడన్నీ కొబ్బరి పీచు పరుపులు, పైన ఫోం. గట్టిగా ఉంటాయి. మెత్తటివి అలవాటున్నవాళ్లకి మొదటి రాత్రి నచ్చకపోవచ్చు. పిల్లలకి బంక్ బెడ్ పెట్టమని చాలామంది అడిగారు, పెట్టం. పై మంచం మీద పిల్లాడు లేచి నిలబడితే సీలింగ్ ఫ్యాన్ రెక్కలు చేతికి అందుతాయి.

ఒప్పుకునేది 8 మందినే. ఇదివరకు పన్నెండు మంది దాకా చూసీ చూడనట్టు ఊరుకున్నాం. హాల్లో ఉన్నది 1.5 టన్నుల ఏసీ, నిద్రపోతున్న మనిషి ఒంట్లోంచి కూడా 70, 80 వాట్ల వేడి వస్తుంది, అంటే ఒక్కో మనిషీ ఒక పాతకాలం బల్బు వెలిగించినట్టే, పన్నెండు మంది వస్తే హాల్లోనే ఎనిమిది తొమ్మిది మంది పడుకోవాలి, అన్ని బల్బులు రాత్రంతా వెలిగే హాలుని మే నెల బెజవాడలో ఆ ఏసీ చల్లబరచలేదు. ఉన్నవి రెండే బాత్రూములు, తెల్లవారుజామున ముహూర్తమంటే మూడింటి నుంచే క్యూ. దసరాల్లో మూలా నక్షత్రం రోజు సరస్వతీ అలంకారం చూడ్డానికి వచ్చేవాళ్లు ఇంకో ఇద్దరిని సర్దమంటారు, ఆ రోజు కూడా ఎనిమిదే.

మనుషుల్ని తగ్గించి రేటు తగ్గించలేదేంటి అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మంచాలు, పరుపులు, వైరింగ్‌కి అయిన ఖర్చు సోఫా, టేకు మంచం అమ్మితే వచ్చిన డబ్బు కంటే చాలా ఎక్కువ, అదింకా తీరలేదు. ఆరుగురి లోపు వచ్చేవాళ్లకి కొంత తగ్గించే ఆలోచన ఉంది, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక చూస్తాం.

వచ్చే ముందు రోజు ఒక మెసేజ్ పెట్టండి చాలు. పెద్దవాళ్లు ఎంతమంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, పసిపిల్లలున్నారా, మంచాలు కలపాలా విడదీయాలా అని. మీరొచ్చేసరికి వేసి పెడతాం. వచ్చాక మార్చాలనిపిస్తే వాచ్‌మన్‌ని పిలవండి, రాత్రి పదిలోపు. కొత్త మంచాల కాళ్లకి రబ్బరు బుష్‌లున్నాయి, ఎత్తి పెట్టాలి, లాగితే ఊడిపోతాయి.